రెండంగుళాల లూజు

ఆగండాగండి, ఒక్క నిమిషం! పొయ్యి మీద ఏదన్నా ఉంటే ఆపేసి రండి, ఫోను మోగితే మోగనివ్వండి, ఎందుకంటే ఇది సగంలో లేచి వెళ్ళే కథ కాదు. ఒక టైలరమ్మ ఇల్లు కొనుక్కోవడానికి బయల్దేరి, తప్పు ఇంటికి సరే అని, సరైన ఇంటిని తన చేతులతో తానే ఇంకొకరికి అప్పజెప్పేసి, ఆ సంగతి తెలిసేసరికి ఒక్కరోజు కూడా గడువు మిగలని కథ ఇది. వినండి.

టైలరమ్మ అంటే చెయ్యి తిరిగిన టైలరమ్మ. మనిషి గుమ్మంలోకి అడుగుపెట్టగానే నడుము ఎంతో, భుజం ఎంతో చూపుతోనే చెప్పేసే రకం. మెడలో టేపు లేకుండా ఆమెని చూసినవాళ్ళు లేరు. భర్త అద్దాలు బిగించే పని చేస్తాడు. కిటికీలు, షాపుల ముందు పెద్ద పెద్ద గాజు పలకలు, బాత్‌రూమ్ అద్దాలు. వీధిలో అందరికీ ఆయన అద్దాలాయన. ఆయన జేబులోనూ ఒక టేపు, స్టీలుది. పదకొండేళ్ళ కాపురం, రెండు టేపులు, ఒక అద్దె పోర్షను. ఆ పోర్షనులో కుళాయి మూడు కుటుంబాలకి ఒకటే, మెట్లు ఒకటే, కాలింగ్ బెల్లు కూడా ఒకటే. అది ఎప్పుడు మోగినా ముగ్గురిళ్ళ తలలూ ఒకేసారి బయటికొస్తాయి. అందుకే టైలరమ్మ ఒట్టేసుకుంది: "కొంటే మన తలుపు మనకుండే ఇల్లే కొంటాను. ఆ తలుపు మీద మన బోర్డు ఒక్కటే ఉండాలి."

అయితే ఇప్పుడే కొనాలని తొందరెందుకంటే, ఆమె షాపున్న బిల్డింగుని కూల్చేస్తున్నారు. నెలాఖరుకి ఖాళీ చెయ్యాలి. వేరే షాపు అద్దెకి తీసుకోవచ్చుగా అంటారేమో, ఆమె అద్దెల జోలికి ఇక వెళ్ళదలుచుకోలేదు. కింద షాపు, పక్కన కాపురం, అదీ లెక్క. కుదరకపోతే? కుదరకపోతే పెద్ద బజార్లో సూట్ల షాపాయన ఎప్పట్నుంచో పిలుస్తున్నాడు, "వచ్చి నా దగ్గర కూర్చోమ్మా, పీసుకింత ఇస్తాను" అని. పదేళ్ళ కిందట అలా ఒకళ్ళ దగ్గర తలొంచుకుని కుట్టిన మనిషే ఆమె. మళ్ళీ అక్కడికి వెళ్ళడమంటే తన పేరు మీద వచ్చే కస్టమర్లని ఇంకొకరి గల్లాపెట్టెకి తోలడమే. "నేను వెళ్ళను" అంది. ఆ మాట ఆమె ఎంత ధీమాగా అందంటే అద్దాలాయన ఎదురు చెప్పడానికి నోరు తెరిచి ఆవులించేశాడు.

ఇక బల్ల సంగతి. ఈ కథంతా ఆ బల్లతోనే వచ్చింది మరి! గుడ్డ పరిచి కత్తిరించే బల్ల. ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, మూడడుగుల ఎత్తు. పైన ఒకటే చెక్క, కింద కాళ్ళే కాదు, నిండా సొరుగులు, మొత్తం ఒకే పెట్టెలా ఉంటుంది. విప్పదీసి మళ్ళీ బిగించే రకం కాదు. ఆ ఎత్తు ఆమె ఎత్తుకి లెక్కేసి చేయించింది. ఒక అంగుళం తగ్గినా సాయంత్రానికి నడుము పట్టేస్తుంది, అందుకే కోయించే మాటే లేదు. షాపుకి షట్టరు కాబట్టి హాయిగా లోపలికెళ్ళింది. ఇంటికైతే గుమ్మం ఉంటుంది కదా! బల్లని పక్కకి పడుకోబెట్టి తోసినా ముప్పై ఆరు అంగుళాల సందు కావాలి. అంతకంటే ఒక్క నలుసు తక్కువున్నా లోపలికి రాదు.

అలా మొదలైంది వేట. మూడు నెలలు, పంతొమ్మిది ఇళ్ళు! ఒక ఇంట్లో వంటగది తలుపు తీస్తే ఫ్రిజ్ తలుపు తెరుచుకోదు. ఒక ఇంట్లో బాత్‌రూమ్ చూసి టైలరమ్మ, "ఇందులో స్నానం చెయ్యాలంటే ముందు ఒంటి కొలతలివ్వాలండీ" అంది. ఇంకో ఇంటి ముందు నిలబడి బ్రోకరు, "మేడం, గాలి చూడండి, ఎంత ఫ్రీగా ఆడుతోందో" అన్నాడు.

"కిటికీకి అద్దాలే లేవు కదయ్యా, ఆడక ఏం చేస్తుంది?" అన్నాడు అద్దాలాయన.

"అద్దాలు మీ చేతిలో పనే కదా సార్, అందుకే మీకు స్పెషల్‌గా చూపిస్తున్నా!"

అలా తిరిగి తిరిగి చెప్పులరిగాక, పదిహేడో ఇల్లు దొరికింది. రిటైరైన జాగ్రఫీ టీచరమ్మది. రెండంతస్తుల పాత ఇల్లు. కింద పెద్ద గది, దాని వెనక ఇంకో గది, వంటిల్లు, బాత్‌రూమ్. పైన రెండు గదులు, ఇంకో బాత్‌రూమ్. కింది పెద్ద గదిలోకి అడుగుపెట్టగానే టైలరమ్మ కదలకుండా నిలబడిపోయింది. ఎడమవైపు నుంచి వెలుతురు! కత్తెర పట్టే చేతి నీడ గుడ్డ మీద పడదు. అలాంటి వెలుతురు కోసం టైలర్లు ప్రాణాలిచ్చేస్తారు, నిజం. "ఇదే" అంది. బ్రోకరు పక్కనే ఉన్నాడు, బేరం ఆడాల్సిన చోట అలా అనకూడదని కూడా గుర్తులేదు. "ఇదేనండీ, ఇదే!"

కానీ గుమ్మం కొలవాలి కదా. ఎప్పుడూ మెడలో ఉండే టేపుని ఆమె సరిగ్గా ఆ రోజే షాపులో మర్చిపోయింది, ఆ తర్వాతి రోజుల్లో స్కూలు యూనిఫాంల రద్దీలో తలెత్తలేదు. అద్దాలాయనే వెళ్ళి, కొలిచి, తన చిన్న పుస్తకంలో రాసుకొచ్చాడు. ముప్పై అయిదున్నర.

"అర అంగుళం తక్కువైంది మాస్టారూ" అన్నాడు. పెళ్ళాన్ని ఆయన మాస్టారూ అనే పిలుస్తాడు.

"గుమ్మం వెడల్పు చెయ్యలేమా?"

"రెండు పక్కలా రాతి స్తంభాలు. ఇల్లంతా వాటి మీదే నిలబడింది. కిటికీలోంచి తేవాలన్నా కుదరదు, చూశాను. కదపడానికి లేదు."

టైలరమ్మ ఆ పూట అన్నం తినలేదు. మర్నాడు మామూలే. అలా కూర్చుని ఏడ్చే మనిషి కాదు. అంతేనా, ఇంకో పని కూడా చేసింది. కాజాల అక్క వచ్చినప్పుడు ఆ ఇంటి సంగతి చెప్పింది. కాజాల అక్క అంటే నలుగురైదుగురు టైలర్లకి కాజాలు తీసి గుండీలు కుట్టిచ్చే ఆవిడ. ఒక్కతే ఉంటుంది. యాభై దాటాయి, నోరు మాత్రం పాతికేళ్ళది. ఆవిడ అద్దెగదిలో గోడలకి చెమ్మ, గుండీల డబ్బాలు తుప్పు పడుతున్నాయని ఆవిడా ఇంటికోసమే వెతుకుతోంది.

"మా బల్లకి పనికిరాలేదు గానీ, బంగారం లాంటి ఇల్లక్కా. నువ్వెళ్ళి చూడు" అంది టైలరమ్మ. చెప్పి, అడ్రసు రాసిచ్చి, టీచరమ్మకి తనే ఫోన్ కూడా చేసి పెట్టింది.

తర్వాత పంతొమ్మిదో ఇల్లు వచ్చింది. కొత్త అపార్ట్‌మెంట్‌లో కింద అంతస్తు ఫ్లాటు. వెలుతురు అంతంతమాత్రమే, హాలు ఫరవాలేదు. అద్దాలాయన ఆ వారమంతా ఒక బ్యాంకు ముందు గాజు పలకలు బిగిస్తున్నాడు, ఈసారి టైలరమ్మ ఒక్కతే వెళ్ళి కొలిచింది. ముప్పై ఏడు! బల్ల సుబ్బరంగా వెళ్ళిపోతుంది. శుక్రవారం వచ్చి అడ్వాన్సు ఇస్తామని బ్రోకరుకి చెప్పేశారు.

సరిగ్గా గురువారం మధ్యాహ్నం పళ్ళ డాక్టరు ఫోన్ చేశాడు. ఆయన క్లినిక్‌లో ఒక కిటికీకి అద్దం మార్చమని అద్దాలాయనకీ, అదే కిటికీకి కర్టెన్ కుట్టమని టైలరమ్మకీ అంతకుముందే చెప్పి ఉన్నాడు. ఇద్దరూ వేరువేరు రోజుల్లో వెళ్ళి కొలుచుకుని, చీటీలు రాసిచ్చారు. అద్దాలాయన అన్నానికి షాపుకి వచ్చి ఉన్నాడు. ఫోన్ స్పీకర్లో పెట్టింది టైలరమ్మ.

"ఏమ్మా, మీ ఇంట్లో అంగుళాలు రెండు రకాలుంటాయా?" అన్నాడు డాక్టరు. "నా కిటికీ నీ చీటీలో యాభై ఉంది, మీ ఆయన చీటీలో నలభై ఏడుంది. ఎవరి మాట నమ్మాలి? నేను పళ్ళు పీకేవాణ్ణమ్మా, నన్ను పంచాయితీలోకి లాగొద్దు!"

ఫోన్ పెట్టేశాక మొదలైంది అసలు గొడవ.

"మీ టేపు ముడుచుకుపోయిందా ఏంటి?"

"స్టీలు టేపు ముడుచుకోవడం ఏంటి? నీ గుడ్డ టేపే సాగిపోయుంటుంది. మెడలో వేసుకుని ఊళ్ళేలితే సాగదూ?"

"పెట్టండి పక్కపక్కన!"

పెట్టారు. అంగుళానికి అంగుళం, గీతకి గీత సరిపోయాయి. ఇద్దరి మొహాల్లోనూ పొగరు తగ్గింది. షాపులో ఒక స్టూలుంది. దాన్ని ఇద్దరూ కలిసి కొలిచారు. ఆయన టేపులో పద్దెనిమిది. ఆమె టేపులోనూ పద్దెనిమిదే.

"సరే, రాయండి" అంది ఆమె.

ఇద్దరూ చెరో కాగితం మీద రాశారు. కాగితాలు తిప్పి చూసుకున్నారు. ఆమె ఇరవై రాసింది. ఆయన పదిహేడు రాశాడు.

మీకు అర్థమైందా? నాకైతే ఈ ముక్క చెప్తుంటే ఇప్పటికీ ఒళ్ళు జలదరిస్తుంది! టైలరు ఛాతీ కొలిచి ముప్పై ఆరు వస్తే ముప్పై ఎనిమిది రాసుకుంటుంది. మనిషి ఊపిరి పీల్చాలి కదా, ఆ రెండంగుళాలు లూజు. అద్దాలవాడు ఫ్రేము కొలిచి అటు అర అంగుళం, ఇటు అర అంగుళం తగ్గించి రాసుకుంటాడు. అద్దం బిగుతుగా కూర్చుంటే పగులుతుంది కదా. ఇద్దరూ పని నేర్చుకున్న మొదటి రోజు నుంచీ అలాగే రాస్తున్నారు. ఎంతగా అలవాటైపోయిందంటే, కలుపుతున్నామనీ తగ్గిస్తున్నామనీ వాళ్ళకే తెలీదు. చెయ్యి దానంతటదే రాసేస్తుంది. పదకొండేళ్ళ కాపురంలో ఇద్దరూ కలిసి ఒక్క వస్తువుని కూడా కొలవలేదు, అందుకే బయటపడలేదు.

"నీకు లూజు" అన్నాడు అద్దాలాయన, నవ్వాపుకోలేక.

"మీకు టైటు" అంది ఆమె.

నవ్వు అక్కడే ఆగిపోయింది. ఇద్దరికీ ఒకేసారి గుర్తొచ్చింది. ఫ్లాటు గుమ్మం ఎవరు కొలిచారు? ఆమె. ముప్పై ఏడులో రెండు తీసేస్తే ముప్పై అయిదు. బల్ల వెళ్ళదు! టీచరమ్మ ఇంటి గుమ్మం ఎవరు కొలిచారు? ఆయన. ముప్పై అయిదున్నరకి ఒకటి కలిపితే ముప్పై ఆరున్నర!

"వెళుతుంది" అంది టైలరమ్మ. కుర్చీలోంచి లేచి నిలబడింది. "ఏవండీ, టీచరమ్మ ఇంట్లోకి మన బల్ల వెళుతుంది!"

"మరి మీ కాజాల అక్క?"

టైలరమ్మ అప్పటికే షట్టరు దించేస్తోంది. అద్దాలాయన సగం తిన్న క్యారియరు అలాగే మూసేసి బండి తీశాడు.

టీచరమ్మ తలుపు తీసేసరికి మూడున్నర అయింది. ఆవిడ హాల్లో గోడకి పెద్ద ప్రపంచపటం, కింద సగం సర్దిన అట్టపెట్టెలు. కథ మొత్తం నిలబడే విని, కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ నవ్వింది.

"నలభై ఏళ్ళు పిల్లలకి స్కేలు గురించి చెప్పాను గానీ, ఇలాంటి జంటని చూడలేదమ్మాయ్. ఏవీ, కొలవండి. ఈసారి నేను చదువుతాను, మీరిద్దరూ నోరెత్తకండి."

ఆయన ఒక కొస పట్టుకున్నాడు, ఆమె ఒక కొస పట్టుకుంది. టీచరమ్మ వంగి చదివింది. ముప్పై ఆరున్నర. కింద కొలిచారు, మధ్యలో కొలిచారు, పైన కొలిచారు. అంతటా అదే.

"అర అంగుళం సందే కదా, సరిపోతుందా?" అంది టీచరమ్మ.

"మా ఆవిడ మాట దూరడానికి ఇంతకంటే తక్కువ సందు చాలండీ" అన్నాడు అద్దాలాయన. మనిషి గాల్లో తేలిపోతున్నాడు.

టీచరమ్మ కుర్చీలో కూర్చుంది. "అయితే వినండి. మీరు పంపిన ఆవిడకి ఇల్లు నచ్చింది. తమ్ముణ్ణి సాయం అడిగి చెప్తానంది. నాలుగింటికి వచ్చి ఖాయం చేస్తానంది. ఇంకా ఆవిడ మాట ఇవ్వలేదు, నేనూ ఇవ్వలేదు. మీరు ఇప్పుడు అవునంటే ఇల్లు మీదే. నాకు ఎవరైనా ఒకటే, నెలాఖరుకి మా అక్క దగ్గరికి వెళ్ళిపోవాలి నేను."

అద్దాలాయన మోచేత్తో పొడిచాడు. ఇంకోసారి పొడిచాడు. టైలరమ్మ గోడకున్న గడియారం వంక చూసింది. నాలుగింటికి పది నిమిషాలు తక్కువ. ఎడమవైపు కిటికీలోంచి సాయంత్రపు వెలుతురు నేల మీద సరిగ్గా బల్ల పడే చోట పడుతోంది. అక్కడ బల్ల ఉన్నట్టూ, తను కత్తెర పట్టుకుని నిలబడినట్టూ ఆమెకి కనిపించేస్తోంది. అవును అనే మాట మూడక్షరాలే కదా! చెప్పేసి వెళ్ళిపోతే, కాజాల అక్క వచ్చేసరికి ఇల్లు అమ్ముడైపోయి ఉంటుంది. ఎవరో కొన్నారట అనుకుంటుంది. లేదా, టైలరమ్మే కొందని తెలిసినా, ముందే మాటైపోయిందక్కా అని చెప్పొచ్చు.

"ఆమెని రానివ్వండి టీచరమ్మా" అంది టైలరమ్మ. "నేనే పంపాను. మొహం మీద చెప్పి తీసుకుంటాను గానీ, వెనక నుంచి తీసుకోను."

అద్దాలాయన తల పట్టుకుని అట్టపెట్టె మీద కూలబడ్డాడు. పెట్టె లోపల ఏదో ఫటుక్కుమంది. "గ్లోబు" అంది టీచరమ్మ.

నాలుగు కొట్టగానే కాజాల అక్క వచ్చింది, భుజానికి గుండీల సంచితో. వీళ్ళని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది.

"ఏంటే చెల్లీ, నాకు సాక్షి సంతకం పెట్టడానికొచ్చావా?"

టైలరమ్మ చుట్టూ తిప్పలేదు. డాక్టరు ఫోన్ నుంచి గుమ్మం కొలత దాకా గుక్క తిప్పుకోకుండా చెప్పేసి, "అక్కా, ఈ ఇల్లు నాకు కావాలి. నీకు ఇచ్చేశాను, ఇప్పుడు మళ్ళీ అడుగుతున్నాను. నువ్వు కాదంటే కాదు. కానీ అడక్కుండా వెళ్ళను" అంది.

అక్క సంచి కింద పెట్టింది. అద్దాలాయన వైపు తిరిగింది.

"మరిదిగారూ, మీ కొలతలు ఎప్పుడైపోయాయి?"

"పది నిమిషాలైంది వదినగారూ" అన్నాడాయన, పెట్టె మీద నుంచే. ఆ గొంతు వింటే ఎవరికైనా జాలేస్తుంది.

"పది నిమిషాలు ఊరికే కూర్చున్నారా?"

"మీ చెల్లెలు కూర్చోబెట్టింది!"

అక్క పడీపడీ నవ్వింది. "ఎంత తిక్కదానివే నువ్వు! వేసుకున్న కుట్లు నువ్వే విప్పుకుంటావా?" నవ్వు ఆపి, కొంగుతో కళ్ళు తుడుచుకుని, ఈసారి నెమ్మదిగా అంది. "నేనూ ఒకటి అడుగుతాను. నాకు ఇంత ఇల్లు ఎందుకు? తమ్ముడి గుమ్మం ముందు నిలబడి అడగాలంటే నిన్నట్నుంచీ నాకు నిద్ర లేదు, ఇంకా అడగలేదు కూడా, ఇంకో రెండ్రోజులు గడువడుగుదామనే వచ్చాను. పై రెండు గదులూ నాకియ్యి. అద్దెకి కాదు. నా డబ్బుతో, నా పేరు మీద కొనుక్కుంటాను. కింద నువ్వు, పైన నేను. బల్ల నీది, వెలుతురు నీది. సరేనా?"

పదకొండేళ్ళ కుళాయి, పదకొండేళ్ళ మెట్లు, ముగ్గురి తలలు బయటికొచ్చే ఆ బెల్లు, అన్నీ టైలరమ్మ కళ్ళముందు తిరిగాయి. మన తలుపు, మన బోర్డు! దానికోసమే కదా పంతొమ్మిది ఇళ్ళు తిరిగింది! కాదంటే అక్క మారుమాటాడదు, సంచి తీసుకుని వెళ్ళిపోతుంది. అది కూడా ఆమెకి తెలుసు.

టైలరమ్మ బయటికి నడిచింది. ఇంటి పక్క గోడ పొడవునా నడిచి, పైకి చూసి, వెనక్కి వచ్చి చూసింది. లోపలికొచ్చింది.

"మెట్లు బయటి నుంచి వేయిద్దాం. పక్కగోడకి. నీ తలుపు నీకు, నా తలుపు నాకు. నీ బెల్లు మోగితే నేను తల బయట పెట్టను, నా బెల్లు మోగితే నువ్వు పెట్టకూడదు. ఒప్పుకుంటే సరే."

"నేను తల బయట పెట్టకుండా ఉండటమా?" అంది కాజాల అక్క. "అది కష్టమే గానీ, ప్రయత్నిస్తాను!"

టీచరమ్మ లేచి టీ పెట్టడానికి లోపలికెళ్ళింది. అక్కడికక్కడే నలుగురూ మాట ఇచ్చేసుకున్నారు. ఫ్లాటు బ్రోకరుకి టైలరమ్మే ఫోన్ చేసి చెప్పింది. అతను అవతల నుంచి ఏమన్నాడో గానీ, ఆమె మాత్రం, "తప్పు మీ గుమ్మానిది కాదండీ, నాదే" అని పెట్టేసింది.

ఇప్పుడైతే బల్ల ఆ గదిలోనే ఉంది. నలుగురు మోసి, చెమటలు కక్కి, రెండు పక్కలా రాయికి రాసుకుంటూ రాసుకుంటూ లోపలికి తోశారు. టైలరమ్మ ఎడమవైపు వెలుతుర్లో కత్తిరిస్తోంది, కస్టమర్లు నేరుగా ఆమె తలుపే కొడుతున్నారు. ఆమెని అడిగితే, "ఇంతకంటే మంచి ఇల్లు నాకు దొరికేది కాదు" అంటుంది, ఆ మాటలో ఎక్కడా వెలితి ఉండదు. అద్దాలాయన మాత్రం ఇప్పటికీ ఒప్పుకోలేదు. పైనుంచి కాజాల అక్క మిషను టకటకమని వినపడిన ప్రతిసారీ చెయ్యెత్తి కప్పు వైపు చూపించి, ఎవరు దొరికితే వాళ్ళకి చెప్పుకుంటాడు: "పది నిమిషాలండీ! ఆ పది నిమిషాల్లో మా ఆవిడ ఒక్క మాట అవునని ఉంటే, ఆ పై రెండు గదులూ మావే అయ్యేవి. ఎవరికీ ఏ అన్యాయమూ జరిగేది కాదు. ఆవిడ ఇంకా మాట కూడా ఇవ్వలేదు కదా?"

నిజం చెప్పాలంటే ఆయన మాటలో తప్పేముందో నేను కూడా వెంటనే చెప్పలేకపోయాను. అందుకే మిమ్మల్ని అడుగుతున్నాను. మూడు నెలలు వెతికిన ఇల్లు చేతికందే దూరంలో ఉంది, గడియారంలో నాలుగింటికి పది నిమిషాలు తక్కువ, మీరు పంపిన మనిషి ఇంకా దారిలోనే ఉంది. మీరైతే ఏం చేసేవాళ్ళు?